“లేదని నువ్వు నిరూపించు” అనే బాబాయ్‌కి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా కుటుంబానికి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. నలభై మందికి పైనే ఉంటాం. ఒకప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప అందులో ఏమీ ఉండేవి కావు. ఎన్నికలు దగ్గరపడ్డప్పటి నుంచీ అన్నీ రాజకీయాలే. మొన్న మా బాబాయ్ ఒక వీడియో పెట్టారు. అరనిమిషం కూడా లేదు. రాత్రిపూట కొందరు ఒక వ్యాన్‌లోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. కింద “ఓట్ల పెట్టెలు మార్చేస్తున్నారు, అందరికీ పంపండి” అని రాసి ఉంది. రాత్రి రెండింటి దాకా కూర్చుని వెతికితే, అదే వీడియో మూడేళ్ల కిందట ఇంకో దేశం పేరుతో తిరిగిందని తేలింది. లింకులు పెట్టాను. దానికి బాబాయ్, “సరేనమ్మా, ఈ వీడియో కాకపోవచ్చు. అసలు ఎక్కడా మార్చలేదని నువ్వు నిరూపించగలవా? నిప్పు లేనిదే పొగ రాదు” అన్నారు. ఆ మెసేజ్‌కి పదకొండు లైకులు. నా లింకులు ఎవరూ తెరిచినట్టు కూడా లేరు. పైగా మా అత్తయ్య విడిగా మెసేజ్ పెట్టి, “చిన్నదానివి, పెద్దవాళ్లతో నీకు వాదనలెందుకే” అంది. పోయిన నెల వాళ్ల నాయకుడు అన్న ఒక మాటను ఫోటో కార్డుగా నేను పెట్టినప్పుడు మాత్రం ఇదే బాబాయ్ “ఆధారం ఏది, ఆధారం ఏది” అని అరగంట వదల్లేదు. (అది మా వైపు వాళ్లు పంపిందే, నిజమే అయి ఉంటుంది.) ఇంతకీ ఆధారం చూపించాల్సింది మాట అన్నవాళ్లా, కాదన్నవాళ్లా? ఈ టెన్షన్ భరించలేక గ్రూప్‌లోంచి వచ్చేద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. మాట అన్నవాళ్లే ఆధారం చూపించాలి. ఇది నా సొంత తీర్పేం కాదు. రోమన్ న్యాయవేత్త పౌలస్ సుమారు 1800 ఏళ్ల కిందటే “రుజువు చేసే భారం ఉందన్నవాడిది, లేదన్నవాడిది కాదు” అని రాసిపెట్టాడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వేయించిన న్యాయ సంకలనంలో ఆ మాట చేరింది. అక్కణ్నుంచి చాలా దేశాల కోర్టులకు పాకింది.

అయితే ఈ నాలుగు వాక్యాలను స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టకండి. పెడితే మీకూ పదకొండు లైకులు వస్తాయేమో గానీ బాబాయ్ ఒక్క అంగుళం కూడా కదలరు. ఇంకో సంగతి కూడా ఉంది. మీ ఉత్తరంలో బ్రాకెట్లలో పెట్టిన వాక్యం నా కళ్లకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు “ఎక్కడా” అన్న మాట చూద్దాం. బాబాయ్ గెలిచింది ఆ ఒక్క మాటతోనే.

మొదట ఆయన పెట్టిన వీడియోలో ఒక కచ్చితమైన ఆరోపణ ఉంది. ఇదిగో ఈ పెట్టెలు, ఈ వ్యాన్, ఈ ఎన్నికలు. అందుకే మీరు దాన్ని తప్పని చూపించగలిగారు. చూపించగానే ఆయన ఆ ఆరోపణను వదిలేసి, “అసలు ఎక్కడా మార్చలేదని నిరూపించు” అంటూ ఊరూ పేరూ లేని ఇంకో దాన్ని మీ ముందు పెట్టారు. మీరు గమనించలేదు. గమనించకుండానే దానికి జవాబు వెతకడం మొదలుపెట్టి ఉంటారు. లేదని ఎప్పటికీ నిరూపించలేమని చాలామంది అంటుంటారు గానీ అది సగమే నిజం. ఈ గదిలో ఏనుగు లేదని నేను క్షణంలో నిరూపించగలను. ఈ లోకంలో ఎక్కడా రెండు తలల ఏనుగు లేదని మాత్రం నిరూపించలేను. తేడా అంతా గది గోడల్లోనే ఉంది. హద్దు గీసిన మాటను తప్పని చూపించవచ్చు. హద్దు లేని మాట వెంట పరిగెత్తితే కాళ్లు నొప్పి పుట్టడమే మిగులుతుంది.

తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1952లో దీనికి ఒక టీ కెటిల్ ఉదాహరణ చెప్పాడు. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక పింగాణీ టీ కెటిల్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందని నేనంటాను. అది ఎంత చిన్నదంటే, ఎంత గొప్ప టెలిస్కోప్‌కైనా కనిపించదని కూడా అంటాను. ఇప్పుడు నన్ను కాదనగలవారెవరు? ఎవరూ కాదనలేరు కాబట్టి అందరూ నమ్మి తీరాలంటే మాత్రం పిచ్చివాడి మాటలా ఉంటుంది. రస్సెల్ మాట్లాడింది దేవుడి గురించే అయినా, అది రాజకీయాలకే ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తుంది.

కెటిల్‌తో పోయేదేం లేదు. దేశాల మీద ఇదే భారం మోపినప్పుడు ఏమవుతుందో చూశాం. ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న వివాదంలో, లేవని చూపించాల్సిన బాధ్యతను ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇరాక్ మీదే పెట్టింది. 1980ల్లో ఆ దేశం రసాయన ఆయుధాలు వాడిన మాట నిజం కాబట్టి ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. 2002 డిసెంబరులో ఇరాక్ సుమారు 12,000 పేజీల నివేదిక ఇచ్చింది. చాలదన్నారు. 1991లో తానే నాశనం చేసిన వాటికి సరైన లెక్కలు ఆ దేశం దగ్గర లేవు. లెక్కలు లేవంటే దాచారనే అర్థం చేసుకున్నారు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. దేశమంతా గాలించిన అమెరికా బృందమే 2004లో నివేదిక ఇచ్చింది. చెప్పినట్టు ఆయుధాల నిల్వలేవీ దొరకలేదని అందులో ఉంది. లేనిదాన్ని లేదని చూపించడానికి 12,000 పేజీలు కూడా చాలలేదన్నమాట. మీరు రాత్రి రెండింటి దాకా వెతికి పెట్టిన లింకులు ఏ మూలకు?

ఇప్పుడు ఆ పొగ సంగతి. మీ బాబాయ్‌కి తెలుసో లేదో గానీ, ఆయన వాడిన సామెతే మన తర్కశాస్త్రంలో పాఠం మొదటి రోజు చెప్పే ఉదాహరణ. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది. దీన్ని అనుమానం అంటారు. శంక అని కాదు, కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించడమని. అయితే ఈ ఉదాహరణ చెప్పిన నైయాయికులే, అంటే ఆ తర్కశాస్త్ర పండితులే, ఇంకో మాట కూడా చెప్పారు. దూరంనుంచి ఆవిరిని చూసి పొగ అనుకునేవాడి లెక్క మొదట్లోనే తప్పుతుందని. సామెత వాడేవాళ్లు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ మింగేస్తారు. మీ బాబాయ్ అయితే ఆవిరి కూడా చూపించలేదు. పొగ ఫోటో చూపించారు, అది కూడా వేరే కొండది.

ఆ వీడియోను ఇంకోసారి, ఈసారి కింద రాసిన వాక్యాన్ని బొటనవేలితో మూసి చూడండి. ఏం కనిపిస్తుంది? చీకటి. ఒక వ్యాన్. నలుగురో ఐదుగురో మనుషులు. పెట్టెలు. అంతే. అవి ఏ పెట్టెలో వీడియో చెప్పదు. లోపల ఏముందో చెప్పదు. ఎక్కడో, ఎప్పుడో చెప్పదు. వాళ్లు దొంగలో, డ్యూటీలో ఉన్న సిబ్బందో, ఇల్లు మారుతున్నవాళ్లో కూడా చెప్పదు. బొటనవేలు తీయండి. వెంటనే అవి ఓట్ల పెట్టెలైపోతాయి, మనుషులు దొంగలైపోతారు. కన్ను చూసింది ఒకటి, వాక్యం చూపించింది ఇంకొకటి. మీరు వెతికి తేల్చిన వివరం మంచిదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ వీడియో నిన్ననే, మన పక్క వీధిలోనే తీసిందని తేలినా, పెట్టెలు మార్చారని అది రుజువు చేయదు. ఈ పరీక్షకు రాత్రి రెండు దాకా కూర్చోనక్కర్లేదు, బొటనవేలు చాలు.

ప్రమాణం అన్న మాట మనం రెండు రకాలుగా వాడతాం, చూశారా? శాస్త్రంలో ప్రమాణమంటే ఒక సంగతిని తెలుసుకోవడానికి ఉన్న నమ్మకమైన దారి. ఇంట్లో ప్రమాణమంటే ఒట్టు. ఆధారం చూపించమని అడిగినప్పుడు చాలామంది మొదటిది ఇవ్వాల్సిన చోట రెండోది ఇస్తారు. “నేను చెబుతున్నాగా.” “మా ఫ్రెండ్ వాళ్ల అన్న అక్కడే పనిచేస్తాడు.” “ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా ఈ రాజకీయాలు.” ఇవన్నీ ఒట్లే. ఒట్టు పెట్టినవాడిని నమ్మకపోతే అవమానించినట్టవుతుంది. అందుకే ఆధారం అడిగిన మీరు పెద్దల్ని ఎదిరించిన పిల్లయ్యారు. అత్తయ్య మెసేజ్ అందుకే వచ్చింది.

వితండవాదం అన్న మాట కూడా ఇలాంటిదే. మొండిగా వాదించే ప్రతివాడినీ వితండవాది అనేస్తాం. ఆ తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాల్లో దాని అర్థం చాలా సన్నం. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. “పెట్టెలు మార్చారని నేను అనడం లేదు, మార్చలేదని నువ్వు చెప్పు చూద్దాం” అనేది అచ్చంగా ఇదే. ఆయన దగ్గర పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఏ మాటా తనదని ఒప్పుకోలేదు కదా.

అందుకే నా సలహా ఇది. ఆధారం అడగడానికి ముందు మాట అడగండి. “బాబాయ్, మీరు కచ్చితంగా ఏమంటున్నారు? ఎక్కడ మార్చారు? ఏ రోజు? ఎవరు?” ఇది వెటకారంగా అడగకూడదు, నిజంగా తెలుసుకోవాలనే అడగాలి. దీనికి రెండే జవాబులుంటాయి. ఆయన ఒక ఊరూ ఒక తేదీ చెబితే మీకు గోడలున్న గది దొరికినట్టే, ఇక వెతకచ్చు, ఆయన్నే వెతకమనచ్చు. చెప్పకపోతే అక్కడ ఖండించడానికి మాటే లేదు. లేని మాటకు మీరెందుకు జవాబుదారీ కావాలి? “చెప్పినప్పుడు చూద్దాం బాబాయ్” అని ఊరుకోవచ్చు.

ఇక్కడ మీ బాబాయ్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. కోర్టులో రుజువు భారం ఎవరిదన్న నియమం ఎందుకుందో తెలుసా? సాక్ష్యాలు అయిపోయాక కూడా నిజం తేలకపోతే జడ్జి ఎవరికో ఒకరికి తీర్పు చెప్పి తీరాలి కాబట్టి. తేలనప్పుడు ఎవరు ఓడాలో ముందే చెప్పేదే ఆ నియమం. గ్రూప్‌లో జడ్జి లేడు. ఇవాళ రాత్రికి తీర్పు రావాలన్న గడువూ లేదు. కాబట్టి అక్కడ “నాకు తెలియదు” అన్నది మూడో జవాబుగా దర్జాగా కూర్చోవచ్చు. మార్చారని తేలలేదంటే మార్చలేదని తేలినట్టు కాదు. ఆయన రుజువు చేయలేకపోయినంత మాత్రాన “చూశారా, అంతా సవ్యంగా జరిగింది” అని మీరంటే, ఇప్పుడు మీరు కూడా ఒక మాట అన్నట్టే. దాని భారం మీది.

కోర్టుల్లో కూడా అన్ని మాటలకూ ఒకే తూకం ఉండదు. ఒకడిని జైలుకు పంపాలంటే సహేతుకమైన సందేహం మిగలకుండా రుజువు చేయాలి. ఇద్దరి మధ్య డబ్బు తగాదా అయితే ఎవరివైపు మొగ్గు ఎక్కువుందో చూస్తే చాలు. ఓటు వేయడానికి ఈ రెండూ అక్కర్లేదు. “ఈ పార్టీ మీద నాకు నమ్మకం పోయింది” అని బాబాయ్ అంటే దానికి ఎవరికీ ఆధారం చూపించక్కర్లేదు. అది ఆయన మనసు. “ఈ పార్టీ పెట్టెలు దొంగిలించింది” అంటే అది ఎదుటివాళ్లు చేసిన పని గురించిన మాట. దానికి ఆధారం కావాలి. మనవాళ్లు చాలాసార్లు మొదటిది చెప్పబోయి రెండోది చెప్పేస్తారు. మీరు ఆ తేడా చూపిస్తే ఆయనకు పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి ఇచ్చినట్టవుతుంది. “మీకు వాళ్ల మీద నమ్మకం లేదు, అది నాకర్థమైంది. ఈ వీడియో మాత్రం దానికి పనికిరాదు” అని చూడండి. ఎంత చల్లబడతారో.

అధికారంలో ఉన్నవాళ్ల విషయంలో లెక్క ఇంకొంచెం మారుతుంది. రికార్డులన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. అలాంటప్పుడు సామాన్యుణ్ని ఆధారం తెమ్మనడం, బీరువా తాళం నా జేబులో పెట్టుకుని లోపలేముందో నువ్వే చెప్పమన్నట్టు ఉంటుంది. చట్టాలు కూడా దీన్ని గుర్తించాయి. భారత సమాచార హక్కు చట్టం, 2005లో 19(5) సెక్షన్ ప్రకారం, అడిగిన సమాచారం ఇవ్వనంటే, అప్పీలులో ఆ నిరాకరణ సబబేనని చూపించాల్సింది అధికారే. అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టంలో కూడా కోర్టుకెళితే భారం ప్రభుత్వ సంస్థదే. కాబట్టి “పెట్టెల లెక్క బయటపెట్టండి” అని బాబాయ్ ప్రభుత్వాన్ని అడిగితే ఆయన ఆధారమేమీ చూపించక్కర్లేదు. అది ప్రశ్న. మీరు కూడా ఆ ప్రశ్న కింద లైక్ కొట్టచ్చు. ప్రశ్న వేషం వేసుకున్న ఆరోపణ వేరు. “దొంగతనం ఎందుకు చేశారు అని అడుగుతున్నానంతే” అనేది ప్రశ్న కాదు.

మీ నిద్ర గురించి కూడా ఒక మాట. ఆల్బెర్టో బ్రాండొలీని అనే ఇటలీ ప్రోగ్రామర్ 2013లో ఒక ట్వీట్ పెట్టాడు. పనికిమాలిన మాట పుట్టించడానికి పట్టే శక్తి కంటే, దాన్ని ఖండించడానికి పదింతల శక్తి కావాలని దాని సారం. అది కొలిచి చెప్పిన లెక్క కాదు, విసుగెత్తి అన్న మాట. కానీ బాబాయ్‌కి ఫార్వర్డ్ చేయడానికి రెండు సెకన్లు, మీకు ఒక రాత్రి పట్టాయి కదా. వేగం సంగతైతే కొలిచారు. ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు వేశారు. అబద్ధపు వార్తను ఇతరులకు పంచే అవకాశం నిజం వార్త కంటే 70 శాతం ఎక్కువని, 1,500 మందిని చేరడానికి నిజానికి అబద్ధం కంటే సుమారు ఆరు రెట్లు సమయం పట్టిందని తేలింది. రాజకీయ అబద్ధాలదే మరీ జోరు. పంచింది ఎక్కువగా రోబో ఖాతాలు కావు, మనుషులే. మన బాబాయ్‌లూ మనమూ.

అంతకుముందెప్పుడో 1977లో ఇంకో ప్రయోగం జరిగింది. కాలేజీ విద్యార్థులకు రెండు వారాలకోసారి చొప్పున మూడుసార్లు కొన్ని వాక్యాలు ఇచ్చి, ఏది ఎంత నిజమనిపిస్తోందో చెప్పమన్నారు. మళ్లీ మళ్లీ కనిపించిన వాక్యాలు, నిజమైనా అబద్ధమైనా, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ నిజమనిపించాయి. కాబట్టి ఖండించడానికైనా ఆ వీడియోను మళ్లీ పెట్టకండి. మీ జవాబులో “పెట్టెలు మార్చలేదు” అని పదిసార్లు రాస్తే, చదివేవాళ్లకు గుర్తుండేది పెట్టెలు, మార్చడం.

మీరు మాటకు హద్దు గీయించి, ఆధారం అడిగి, వాళ్లడిగిన ఆధారం మీరూ చూపించారనుకుందాం. అప్పుడూ అయిపోకపోవచ్చు. బరాక్ ఒబామా అమెరికాలో పుట్టలేదన్న ప్రచారం మొదలైనప్పుడు 2008లో ఆయన జనన ధ్రువీకరణ పత్రం బయటపెట్టారు. అది సంక్షిప్త పత్రం, పూర్తిది చూపించమన్నారు. 2011 ఏప్రిల్‌లో పూర్తి పత్రం కూడా వచ్చింది. దాన్ని ఫోర్జరీ అన్నారు. అందుకే ఇలాంటి చోట్ల నేను వాదన మొదట్లోనే ఒకటి అడుగుతాను. “ఏం చూపిస్తే మీరు ఒప్పుకుంటారు?” ఏం చూపించినా ఒప్పుకోనన్నట్టు మాట్లాడితే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న బాపతు అన్నమాట. కాళ్లు లెక్కపెట్టి చూపించే పని పెట్టుకోకండి. ఇది మనకూ వర్తిస్తుంది లెండి. ఎదుటివాళ్లు ఏం చూపిస్తే నేను ఒప్పుకుంటానో నాకే తెలియని సందర్భాలు నాకు కొన్ని ఉన్నాయి.

ఇక మీ బ్రాకెట్ల దగ్గరికి వద్దాం. “మా వైపు వాళ్లు పంపిందే, నిజమే అయి ఉంటుంది.”

బాబాయ్ ఆ వీడియో ఎందుకు పెట్టారు? వాళ్ల వైపు వాళ్లు పంపారు కాబట్టి, నిజమే అయి ఉంటుందనుకున్నారు కాబట్టి. ఆ రోజు ఆయన “ఆధారం ఏది” అని అరగంట వదలకపోవడం మీకు పీకుడుగా అనిపించింది. కానీ ఆ అరగంటలో ఆయనే కరెక్టు. ఒకరి నోట్లో మాట పెట్టినవాళ్లే ఆయన ఆ మాట ఎప్పుడు, ఎక్కడ అన్నాడో చూపించాలి. ఫోటో మీద అక్షరాలు అచ్చేసి పక్కన ముఖం పెట్టడం ఎవరైనా చేయగలరు.

నేనూ ఒకసారి ఇదే చేశాను. ఒక నాయకుడు సభలో కళ్లు మూసుకుని కునుకు తీస్తున్న ఫోటో వస్తే, చమత్కారంగా ఒక వాక్యం జోడించి స్నేహితులకు పంపాను. ఒకాయన ఆ సభ పూర్తి వీడియో లింక్ పంపి, ఏ నిమిషం దగ్గర చూడాలో కూడా రాశాడు. చూస్తే ఆ నాయకుడు రెప్ప వేశాడు. అంతే. రెప్ప పడిన ఆ క్షణాన్ని ఎవరో ఫోటోగా ఆపేశారు. “సరదాకి పంపానండీ” అన్నాను. సరదాకి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

భారం మీద పడినప్పుడు దాన్ని ఎలా మోయాలో చూపించిన కేసు ఒకటి చెబుతాను. డెబోరా లిప్‌స్టాడ్ట్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1993లో వచ్చిన తన పుస్తకంలో, డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత నాజీల యూదు మారణహోమాన్ని కప్పిపుచ్చడానికి ఆధారాలను వక్రీకరిస్తున్నాడని రాసింది. అతను 1996లో ఇంగ్లండులో పరువు నష్టం దావా వేశాడు. అక్కడి చట్టం ప్రకారం ఆ మాట అబద్ధమని అతను నిరూపించనక్కర్లేదు, నిజమని ఆమె పక్షమే నిరూపించుకోవాలి. “నువ్వే నిరూపించు” అని ఆమె అనలేదు, అనే వీలూ లేదు. కేంబ్రిడ్జి చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్, ఆయన సహాయకులు ఇర్వింగ్ పుస్తకాల్లోని ఫుట్‌నోట్లు పట్టుకుని అసలు జర్మన్ పత్రాల దాకా వెళ్లారు. ఆ కేసులో చర్చకు వచ్చిన పత్రాల్లో నాజీ నాయకుడు హిమ్లర్ ఫోన్ చిట్టా ఒకటి. 1941 నవంబరు 30న అతను రాసుకున్నది ఇంతే. బెర్లిన్ నుంచి వెళ్లే యూదుల రవాణా, చంపడం లేదు. ఆ ఒక్క రైలు గురించిన మాటను ఇర్వింగ్ యూదులందరికీ వర్తించే ఆజ్ఞగా రాసేశాడు. మీ బాబాయ్ ఒక వ్యాన్‌ను ‘ఎక్కడైనా’ చేసినట్టు. ఇలాంటివి ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వెళ్లారు. 2000 ఏప్రిల్‌లో జడ్జి చార్లెస్ గ్రే లిప్‌స్టాడ్ట్ పక్షానికే తీర్పిచ్చారు.

మీ ఫోటో కార్డుకు అంత పని అక్కర్లేదు. ఆ నాయకుడు ఆ మాట ఏ సభలో అన్నారో, ఏ రోజో వెతకండి. దొరికితే ముందూ వెనకా ఐదు నిమిషాలు వినండి. ఎవరిదో మాటను ఎగతాళిగా అనుకరిస్తూ అన్నదాన్ని సొంత మాటగా కత్తిరించే అలవాటు అందరికీ ఉంది. అన్నీ సరిపోతే లింకూ, నిమిషమూ రాసి గ్రూప్‌లో పెట్టండి. నెల ఆలస్యమైనా సరే, బాబాయ్ అడిగిన అప్పు తీర్చినట్టే.

గ్రూప్‌లోంచి వచ్చేయాలా అన్నారు. అక్కర్లేదు. ప్రతి ఫార్వర్డ్‌కీ జవాబు చెప్పాలన్న పట్టుదల మానుకుంటే చాలు. వారంలో ఒక్కదానికి చెప్పండి, అది కూడా ఎవరికైనా నిజంగా హాని చేసేలా ఉంటేనే. బాబాయ్‌తో మాట్లాడాల్సింది ఉంటే ఫోన్ చేయండి. నలభై మంది చూస్తుండగా ఎవరూ తప్పు ఒప్పుకోరు, ఆయనైనా మీరైనా. అత్తయ్యకు జవాబివ్వకపోయినా కొంపలు మునగవు.

వెతికినా ఆ మాట దొరక్కపోతే ఇలా పెట్టండి:

“బాబాయ్, పోయిన నెల నేను పెట్టిన ఫోటో కార్డుకు మీరు ఆధారం అడిగారు. అప్పుడు నేను వెతకకుండానే వాదించాను. ఇప్పుడు వెతికాను. ఆయన ఆ మాట అన్నట్టు నాకెక్కడా దొరకలేదు. ఎవరైనా ఇంకొకరికి పంపి ఉంటే దయచేసి ఈ సంగతి కూడా వాళ్లకు చెప్పండి. మీరు అడిగింది సరైనదే.”

దీని కింద వీడియో ప్రస్తావన తేకండి. “మరి మీరు?” అని కూడా అనకండి. పంపేసి ఫోన్ అవతల పెట్టి, రెండు కొట్టేలోపే పడుకోండి.